కొబ్బరి దుకాణం లెక్కలు క్లౌడ్‌లో ఉంచాలా, హార్డ్ డిస్కులోనా?

రాజోలులో కొబ్బరి వ్యాపారం చేస్తున్నవారు తమ ట్యాలీ (పద్దులు రాసే సాఫ్ట్‌వేర్) లెక్కలను, బిల్లుల స్కాన్ ప్రతులను క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా వాడే నిల్వలో దాచుకోవాలా, హార్డ్ డిస్కులోనా అని అడిగారు. రోజూ తెరిచి రాసే ట్యాలీ డేటాను దుకాణంలోని కంప్యూటరులోనే ఉంచి, బ్యాకప్‌ను ప్రతి రాత్రి క్లౌడ్‌కు పంపడం మేలని నా అభిప్రాయం. ట్యాలీ ఫోల్డరునే నేరుగా గూగుల్ డ్రైవ్‌తో సింక్ చేస్తే (మార్పులు వాటంతటవే ఎక్కేలా కలిపితే), పద్దు రాస్తుండగానే ఫైళ్లు అరకొరగా ఎక్కి డేటా చెడిపోయే ప్రమాదం ఉన్నందున, ట్యాలీలోని బ్యాకప్ సదుపాయంతో తయారైన ఫైలునే పంపాలి.

డిస్కు ఒక్కదాన్నే నమ్ముకోవడం కోనసీమలో సాహసమే. 1986 ఆగస్టులోనూ, 2022 జులైలోనూ గోదావరి వరద లంక గ్రామాలను ముంచెత్తింది. వరద రాని ఏడాది కూడా తేమ, ఉప్పుగాలి, కరెంటు హెచ్చుతగ్గులు పరికరాలను వదలవు. పైగా జీఎస్టీ రికార్డులను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలని చట్టమే చెబుతోంది.

అలాగని అన్నీ క్లౌడ్‌కే అప్పగించడమూ కుదరదు. సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం నిలకడగా ఉన్నా 100 జీబీ ఎక్కడానికి దాదాపు 22 గంటలు పడుతుంది. తుఫానుకు ఫైబర్ తీగ తెగితే ఆ రోజు బిల్లింగే ఆగిపోతుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, ఫొటోల వాటా కూడా ఉంటుంది.

వారానికొకసారి వేరే డిస్కులో మరో ప్రతి తీసి, దాన్ని కంప్యూటరుకు తగిలించి వదలకుండా ఇంట్లో ఉంచుకోండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్, తగిలించి ఉన్న డిస్కుకు కూడా తాళం వేసేస్తుంది. క్లౌడ్ ఖాతా మాత్రం గుమస్తా సొంత జీమెయిల్‌పై కాక, యజమాని పేరున, యజమాని ఫోన్ నంబరుతోనే తెరవాలి.