ఈనిన గేదె లేవడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. నాలుగో ఈత ముర్రా గేదె ఆదివారం రాత్రి ఈనింది. మాయ కూడా పడింది. సోమవారం పొద్దున్నే కూలబడింది. చెవులు చల్లబడ్డాయి, మెడ డొక్క మీదికి తిప్పేసింది. డాక్టరుగారు వచ్చి నరానికి కాల్షియం ఎక్కిస్తే గంటలో తేరుకుంది. ఇప్పుడు మేత తింటోంది, నెమరు వేస్తోంది. కానీ మూడో రోజు కూడా లేవడం లేదు. వెనకభాగం కాస్త లేపి మళ్లీ కూలబడుతోంది. సిమెంటు గచ్చు మీదే ఉంది. బొంగులు వేసి ఎత్తమని కొందరు, వాతలు పెట్టమని కొందరు, బేరగాడికి ఇచ్చేయమని కొందరు అంటున్నారు. గొట్టంతో బెల్లం నీళ్లు తాపుతున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: బేరగాడిని ఇప్పుడే పిలవకండి. మేత తింటూ, నెమరు వేస్తూ, లేవాలని ప్రయత్నిస్తున్న గేదె లేచే అవకాశం బాగానే ఉంటుంది. మీ గేదెకు వచ్చింది పాల జ్వరం. పేరుకు జ్వరమే కానీ ఒళ్లు కాలదు, పైగా చల్లబడుతుంది. జున్నుపాలలోకి కాల్షియం ఒక్కసారిగా పోవడంతో రక్తంలో తగ్గిపోయి కండరాలు పట్టు తప్పుతాయి. ఎక్కువ పాలిచ్చే పశువుల్లో, మూడో ఈత దాటాక, ఈనిన 72 గంటల్లోపు ఎక్కువగా చూస్తాం. ఆ జబ్బుకు మందు సకాలంలోనే పడింది.

ఇప్పుడు దాన్ని లేవనివ్వనిది ఆ గచ్చే అని నా అనుమానం. దాదాపు 500 కిలోల బరువు గంటల తరబడి ఒకే తుంటి మీద, ఒకే తొడ మీద పడితే అక్కడికి రక్తం సరిగా ఆడదు. కండరం, నరం రెండూ దెబ్బతింటాయి. కిందున్న తొడను అరచేతితో తడిమి చూడండి. పైనున్న తొడ కంటే గట్టిగా, బిగుసుకుపోయి తగిలితే సంగతి అర్థమైనట్టే. కాల్షియం సరిపోయినా ఆ కాలు బరువు మోయలేదు. ఇక్కడి నుంచి మందు సీసా కన్నా మీ చేతుల పనే ఎక్కువ.

ఈ రోజే దాన్ని గచ్చు మీద నుంచి తీయండి. తోకా మెడా పట్టి ఈడ్చకూడదు. మందపాటి టార్పాలిన్ మీదికి గానీ, పాత తలుపు మీదికి గానీ పొర్లించి, దానితో సహా నలుగురైదుగురు లాగండి. నీడ ఉన్న మట్టినేల మీద జానెడు మందాన ఇసుక పోసి, పైన వరిగడ్డి పరచండి. ఇసుకలో గిట్ట దిగబడి పట్టు దొరుకుతుంది. గచ్చు మీద జారితే వెనకకాళ్లు రెండు పక్కలకూ చీలిపోయి తుంటి కీలు తప్పే ప్రమాదం ఉంది. అందుకే వెనకకాళ్లు రెండింటినీ మెత్తటి గుడ్డతో, అడుగు వేయడానికి చాలినంత వదులు ఉంచి కలిపి కట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం పక్క మార్చడం. మూడేసి గంటలకోసారి మార్చాలి, రాత్రి కూడా. ఇంట్లో వంతులు వేసుకోండి. ఒకరు పలుపు పట్టుకుని తలను అదుపులో ఉంచాలి. ఇద్దరు వెన్ను వైపు నిలబడి తుంటిని అవతలికి నెడుతూ, అడుగున ఉన్న వెనకకాలిని తమ వైపుకు లాగాలి. మార్చిన ప్రతిసారీ బయటపడ్డ కాలిని పది నిమిషాలు గట్టిగా మర్దన చేయండి, కీళ్లను ముడిచి చాపండి. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గోనెతో కాపడం పెడితే ఇంకా మంచిది.

గేదె ఎప్పుడూ రొమ్ము ఆనించి, తల పైకి ఉండేలా కూర్చోవాలి. పూర్తిగా పక్కకు ఒరిగిపోతే పొట్ట ఉబ్బుతుంది, కడుపులోది గొంతుకు వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గోనె సంచుల్లో గడ్డి కుక్కి డొక్కకు రెండు వైపులా ఆనించండి.

గొట్టంతో తాపడం ఈ క్షణమే ఆపేయండి. నీరసంగా పడి ఉన్న గేదెకు మింగడం సరిగా రాకపోతే ఆ బెల్లం నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. పాల జ్వరం నుంచి బయటపడ్డ గేదె ఈ ఒక్క పనితో చనిపోవడం చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను. తాగగలిగే గేదెకు బకెట్టు ముట్టె దగ్గర పెడితే తనే తాగుతుంది. రోజుకు ఆరేడు సార్లు పెట్టండి. పచ్చిమేత కూడా నోటికి అందేంత దగ్గరలో ఉంచండి.

వాతలు వద్దు. కాలిన చర్మం కింద కండరం బాగుపడదు, పైగా ఇంకో పుండు తోడవుతుంది. బొంగుల మీద ఎత్తడం విషయానికొస్తే, తనంతట తాను లేవబోతున్నప్పుడు వెడల్పాటి గోనెపట్టా పొట్ట కింద వేసి ఊతమివ్వడం మంచిదే. రోజుకు రెండుసార్లు చాలు. కాళ్ల మీద బరువు వేయకుండా వేలాడుతుంటే వెంటనే దించేయండి.

పొదుగు పేడలో నానకుండా చూడండి. తడిసిన గడ్డి ఎప్పటికప్పుడు తీసేయండి. దూడకు చాలినన్ని పాలు తీసి, తీశాక చన్నులను పోవిడోన్ అయోడిన్ మందులో ముంచండి. పడి ఉన్న గేదెకు పొదుగువాపు తేలిగ్గా వస్తుంది. తుంటి మీద, మోకాళ్ల మీద ఒరుసుకుపోయిన చోట కూడా అదే మందు రాసి, ఈగలు వాలకుండా కాపాడండి.

డాక్టరుగారిని మరోసారి రప్పించండి. వీలుకాకపోతే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి. భాస్వరం తగ్గిందేమో, తుంటి కీలు జారిందేమో ఆయన చూడాలి. మూత్రం కాఫీ రంగులో వస్తుంటే అది భాస్వరం లోపం వల్ల కావచ్చు, ఆలస్యం చేయకుండా చెప్పండి. ఇంకో కాల్షియం సీసా మీరే తెచ్చి ఎక్కించకండి. వేగంగా ఎక్కితే గుండె ఆగిపోతుంది. మేత మానేసి, తల నేలకేసి పడుకుని, లేచే ప్రయత్నమే మానేస్తే మాత్రం దాన్ని ఇంకా బాధపెట్టాలా వద్దా అని ఆయనతోనే మాట్లాడి తేల్చుకోండి.

లేచి నిలబడిన రోజు సంతోషంలో వెంటనే నడిపించకండి, మళ్లీ గచ్చు మీదికి తోలకండి. వణుకుతూ నిలబడుతుంది, తుంటి దగ్గర ఆనుకుని ఊతమివ్వండి. మరో రెండు మూడు రోజులు ఆ ఇసుక మీదే ఉండనివ్వండి.