మైక్‌లో గరగర: తప్పు మైక్‌ది కాదు

వైఫై ఆన్ కాగానే అనలాగ్ మైక్‌లో గరగర వస్తోందన్నారు కదా, టెన్షన్ పడకండి, మైక్ బాగానే ఉంది. మీ బోర్డు మీదున్న 1117 రకం రెగ్యులేటర్‌ (వోల్టేజీని నిలకడగా ఉంచే చిప్) 3.3 వోల్టులు ఇవ్వాలంటే లోపలికి దాదాపు 4.4 రావాలి. బోర్డుని నడిపే లిథియం సెల్ ఫుల్ ఛార్జ్‌లోనే 4.2 ఇస్తుంది. అంటే అది రెగ్యులేట్ చేయడమే లేదు. వైఫై కరెంటు లాగిన ప్రతిసారీ సెల్ వోల్టేజీలో వచ్చే కుదుపు నేరుగా మైక్‌కి చేరుతోంది.

మైక్‌కి విడిగా 2.8 వోల్టుల ఎల్‌పీ5907 అనే రెగ్యులేటర్ పెట్టండి. 250 మిల్లీయాంప్స్‌కి కూడా దాని డ్రాపౌట్ (ఔట్‌పుట్ కంటే ఇన్‌పుట్ కనీసం ఎంత ఎక్కువ ఉండాలో ఆ తేడా) సుమారు 120 మిల్లీవోల్టులే, సొంత నాయిస్ 10 మైక్రోవోల్టుల లోపే. ఇన్‌పుట్ తప్పకుండా సెల్ నుంచే తీసుకోండి, 1117 ఇచ్చే 3.3 లైను నుంచి కాదు. రెండు వైపులా 1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు పిన్నులకి ఆనుకొని ఉండాలి. వైఫై చిప్‌ని మాత్రం దీనికి కలపకండి, ఆ కరెంటుకి ఇది చాలదు.