వీడియో చూసి షుగర్ మాత్రలు మానేశారు.. నాన్నను ఒప్పించేదెలా?

ప్రశ్న: మాది గుంతకల్లు. మా నాన్నకు 63 ఏళ్లు, రైల్వేలో రిటైరయ్యారు. పదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడేవారు. ‘షుగర్ మాత్రలతో కిడ్నీలు పోతాయి’ అనే వీడియో చూసి రెండు నెలల క్రితం రెండూ మానేశారు. పొద్దున్నే ఏదో పొడితో కషాయం తాగుతారు, రెండు పూటలా రాగి సంగటే తింటారు. మొన్న పరగడుపున చూస్తే షుగర్ 246 ఉంది. ఏమైనా అంటే ‘టీవీలో అంత పెద్ద డాక్టరు చెప్పినాడు, నీకేం తెలుసు’ అని కోప్పడుతున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: ముందు ఒక జాగ్రత్త చెబుతాను. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మత్తుగా పడి ఉండటం, మాట తడబడటం.. వీటిలో ఏది కనిపించినా ఒప్పించే పని పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాంటివేవీ లేకపోయినా రెండు మూడు రోజుల్లో డాక్టర్‌కు చూపించాలి. పాత మోతాదును మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకండి. తిండి తగ్గించిన మనిషికి గ్లిమిపిరైడ్‌తో షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు.

ఇక మీ నాన్నగారి భయం గురించి. దాన్ని మూర్ఖత్వం అని కొట్టిపారేయకండి. డయాలసిస్ చేయించుకునేవాళ్లు మీ వీధిలోనో, బంధువుల్లోనో ఉండే ఉంటారు. వాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి షుగర్ మాత్రలు మింగినవాళ్లే. ఆ రెండూ పక్కపక్కనే కనబడితే మాత్రల వల్లే కిడ్నీలు పోయాయని ఎవరికైనా అనిపిస్తుంది. వీడియో చేసినవాళ్లు పట్టుకున్నది ఇక్కడే. అసలు జరిగేది వేరు. అదుపులో లేని షుగర్, బీపీ కలిసి కిడ్నీల్లో రక్తాన్ని వడకట్టే సన్నని రక్తనాళాలను ఏళ్ల తరబడి దెబ్బతీస్తాయి. మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడుచేయదు. ఇప్పటికే బాగా దెబ్బతిన్న కిడ్నీ ఆ మందును బయటికి పంపలేదు కాబట్టి, వడపోత సామర్థ్యాన్ని చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తగ్గితే మేమే దాన్ని ఆపేస్తాం. వీడియోలో ఈ జాగ్రత్తనే తిప్పి చెప్పి భయపెడతారు. మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని నెలల తరబడి మింగే నొప్పి మాత్రలు మాత్రం నిజంగానే కిడ్నీలకు చేటు. మీ నాన్నగారు అలాంటివి వాడుతున్నారేమో కనుక్కోండి.

‘టీవీలో చెప్పినాడు’ అన్న మాట దగ్గర నాకు నిజంగా బాధేస్తుంది. పొద్దున పూట వచ్చే ఆరోగ్య కార్యక్రమాల్లో చాలావాటికి చానల్‌కు డబ్బు కట్టి సమయం కొంటారు. తెల్లకోటు, ఫోన్‌లో ప్రశ్నలు, మధ్యమధ్యలో స్క్రీన్ కింద నంబరు అన్నీ ఉంటాయి. అది ప్రకటన అన్న సంగతి మాత్రం ఏ మూలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. షుగర్ నయం చేస్తామని మందులకు ప్రచారం చేయడాన్ని 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. అయినా ఆ ప్రచారం ఆగలేదు. యూట్యూబ్‌ది ఇంకో తీరు. ఒక వీడియో చివరిదాకా చూస్తే అలాంటివే పది ముందుకొస్తాయి. పదిమంది అదే మాట చెబుతుంటే లోకమంతా ఒప్పుకున్నట్టే అనిపిస్తుంది. రోజంతా ఇంట్లో ఉండే రిటైరైన మనిషికి ఫోనే తోడు. అది లాక్కోకండి, పంతం పెరుగుతుంది. ఆయనతో చెప్పే, అలాంటి వీడియో పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, ఇలాంటివి వద్దనే ఆప్షన్ ఎంచుకోండి. కొన్నాళ్లకు రావడం తగ్గుతుంది.

వాదన కంటే గ్లూకోమీటర్ బాగా పనిచేస్తుంది. సంగటి తినే ముందు ఒకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకసారి ఆయన చేతే పరీక్ష చేయించి, ఆ అంకెలను ఆయన చేతే రాయించండి. రాగులు మంచివే, పీచు ఎక్కువ. కానీ వంద గ్రాముల రాగిపిండిలోనూ సుమారు 70 గ్రాములు పిండిపదార్థమే. పైగా మన సంగటిలో బియ్యం కూడా పడుతుంది. రెండు పెద్ద ముద్దలు తింటే షుగర్ పెరగక మానదు. ముద్ద సగం చేసి, ఆకుకూర పప్పు ఎక్కువ వేసుకుని మర్నాడు మళ్లీ చూడమనండి. తేడా ఆయన కళ్లకే కనబడుతుంది. షుగర్ ఉన్న చాలామందికి పరగడుపున 80 నుంచి 130 మధ్య ఉండాలన్నది లక్ష్యం. ఆ లెక్కన 246 ఎంత ఎక్కువో ఆయనకే అర్థమవుతుంది.

కషాయం పొడి మీద లేబుల్ లేకపోతే ఈ రోజే ఆపించండి. ఇలాంటి కొన్ని పొడుల్లో అల్లోపతి షుగర్ మందులు, స్టెరాయిడ్లు, సీసం లాంటి లోహాలు బయటపడ్డాయి. ఆ పొట్లం పారేయకుండా డాక్టర్‌కు చూపించండి.

హెచ్‌బీఏ1సీతో పాటు, కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష చేయించండి. హెచ్‌బీఏ1సీలో గత మూడు నెలల షుగర్ సగటు తెలుస్తుంది కాబట్టి మాత్రలు మానేసిన కాలమంతా అందులోకి వస్తుంది. రిటైర్డ్ ఉద్యోగుల వైద్య కార్డు ఉంటే రైల్వే ఆసుపత్రికే వెళ్లొచ్చు. లేకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో, పట్టణ ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. డాక్టర్ గదిలోకి వెళ్లాక ‘ఈయన మాట వినడం లేదు సార్’ అని మీరు మొదలుపెట్టకండి. కిడ్నీల భయం సంగతి ఆయన్నే అడగనివ్వండి. రిపోర్టులో క్రియాటినిన్ ఎంతుందో, దానికి అర్థమేమిటో మీకు కాకుండా ఆయనకే వివరించమని డాక్టర్‌ను కోరండి.