ఇంటి దస్తావేజులు తాకట్టు పెట్టి బిల్డర్ కావొద్దు

ప్రశ్న: మాది రాజాం. నాన్నగారు ముప్పై ఏళ్లుగా తాపీ మేస్త్రి. ఆయన్ని చూసే డిప్లొమాలో సివిల్ తీసుకున్నాను. నా వయసు 29. విశాఖలో ఒక కంపెనీలో సైట్ ఇంజినీరుని, జీతం 32 వేలు. ఇంట్లో భార్య, రెండేళ్ల పాప, అమ్మానాన్న. నెల ఖర్చు 22 వేలు. ఉద్యోగం మానేసి, రాజాంలో 10 లక్షలకు స్థలం కొని, 13 లక్షలతో ఇల్లు కట్టి 32 లక్షలకు అమ్మాలని ఉంది. పొదుపు 6 లక్షలుంది. బంగారం మీద 5 లక్షలు వస్తాయి. మిగతా 12 లక్షలు తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు, మా ఇంటి దస్తావేజులు అడుగుతున్నారు. ఎనిమిది నెలల్లో 9 లక్షలు మిగులుతాయి. శ్రావణంలో మొదలుపెట్టొచ్చా? బొబ్బిలిలో ఒక టీచరుగారు తన స్థలంలో ఇల్లు కట్టిపెట్టమని నాన్నగారిని అడుగుతున్నారు గానీ, అది చిన్న పని.

జవాబు: వద్దండీ. బిల్డర్ కావొద్దని అనడం లేదు, ఈ డబ్బుతో కావొద్దంటున్నాను. పని బాగా వచ్చినవాళ్లే ఎక్కువగా ఇలాంటి లెక్క వేస్తారు. అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను.

మీరు 32లోంచి 23 తీసేసి 9 అన్నారు. వడ్డీ ఏదీ? 12 లక్షలకు రెండు రూపాయలంటే నెలకు 24 వేలు. మీ జీతంలో ముప్పావు వంతు! ఏడాదికి 24 శాతం. బంగారం మీద రూపాయి వడ్డీ అనుకున్నా ఇంకో 5 వేలు. జీతం ఆగిపోయాక ఇంటి ఖర్చు 22 వేలు. మూడూ కలిపితే నెలకు 51 వేలు. ఎనిమిది నెలలకు 4 లక్షల 8 వేలు. అంటే మీ 9 లక్షలు అప్పుడే 4 లక్షల 92 వేలకు దిగాయి. ఇల్లు అమ్ముడుపోవడానికి పదహారు నెలలు పడితే మిగిలేది 84 వేలు. అందులో బ్రోకరుకు రెండు శాతం చొప్పున 64 వేలు పోతే చేతికొచ్చేది 20 వేలు. స్థలం రిజిస్ట్రేషన్ ఖర్చు, ప్లాన్ అప్రూవల్ ఇంకా కలపనే లేదు. నాన్నగారు మీ సైటులోనే ఉంటే బయట ఆయనకొచ్చే కూలి కూడా ఆగుతుంది.

అసలు ఆ 51 వేలు మొదటి నెల నుంచే కావాలి. అప్పటికి మీ 23 లక్షలూ స్థలంలోనూ సిమెంటులోనూ ఉంటాయి. వడ్డీ కట్టడానికి మళ్లీ చేబదులు, దానికి ఇంకో ప్రోనోటు. ఈ దారి ఎక్కడికి పోతుందో రాజాంలో పుట్టినవారికి నేను చెప్పాలా?

పదహారు నెలలు ఎందుకు పడతాయంటారా? శ్రావణంలో పునాది తీస్తే స్లాబు పని సరిగ్గా అక్టోబరుకు వస్తుంది. మన తీరాన హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. అంత పెద్ద తుపానే అక్కర్లేదు, వారం రోజుల ముసురు పట్టినా సెంట్రింగు కర్రల అద్దె నడుస్తూనే ఉంటుంది. పని ఒకటి రెండు నెలలు వెనక్కి జరిగిందా, వైశాఖం, జ్యేష్ఠం చేజారతాయి. ఆషాఢంలో గృహప్రవేశం చేసేవారుండరు. కొనేవాడు తాపీగా ఆగుతాడు, మీ వడ్డీ ఆగదు.

ఇక నేను ఎప్పుడూ పాడే పాటే. మీ ఉత్తరంలో అత్యవసర నిధి అన్న మాటే లేదు. ఉన్న 6 లక్షలూ ఇటుకల్లో పెట్టేస్తే, పాపకు జ్వరం వచ్చి నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచాల్సి వస్తే ఏం చేస్తారు? జీతగాడికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలంటాను. బిల్డరుకు ఏడాది ఖర్చు ఉండాలి, ఎందుకంటే ఆదాయం నెలకోసారి రాదు, స్లాబుకోసారి వస్తుంది. మీ ఇంటికి అది 2 లక్షల 64 వేలు. దాన్ని బ్యాంకులో వేసి, సైటు ఖాతాకు సంబంధం లేకుండా మీ ఆవిడ పేరున ఉంచండి.

రెండో నిధి సైటుకి. వారం వారం బట్వాడా ఆగకూడదు. ఒక్క వారం కూలి ఇవ్వకపోతే మంచి మేస్త్రి ఇంకో సైటుకు వెళ్లిపోతాడు, ఈ సంగతి నాన్నగారికి మీకంటే బాగా తెలుసు. వారానికి 25 వేలు బట్వాడా అనుకుంటే ఎనిమిది వారాలకు 2 లక్షలు. రెండు నిధులూ కలిపి 4 లక్షల 64 వేలు. మీ పొదుపులో మీరు ముట్టుకోగలిగింది లక్షా 36 వేలే. దానితో స్థలం రాదు. రాదనే చెబుతున్నాను.

బీమా సంగతి. ఉద్యోగం మానేసిన రోజే కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా పోతుంది. కాబట్టి రాజీనామాకు ముందే కుటుంబానికి సొంత పాలసీ, మీ పేరున టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బొచ్చే జీవిత బీమా, తీసుకోండి. పరంజా మీంచి ఎవరైనా జారి పడితే పరిహారం బాధ్యత యజమానిదని 1923 నుంచే చట్టం ఉంది. రేపు ఆ యజమాని మీరే. కూలీలకు ప్రమాద పాలసీ లేకుండా ఒక్క రోజు కూడా పని నడపకండి. నాన్నగారికి ఏడాదికి 20 రూపాయలతో వచ్చే సురక్షా బీమా ఉందో లేదో ఈ వారమే బ్యాంకులో అడగండి. 2 లక్షల ప్రమాద బీమా అది.

పరికరాలకు అప్పు కావాలంటే చేతివృత్తుల వారికి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో తాపీ పనికీ చోటుంది, మొదట లక్ష, తర్వాత 2 లక్షలు, 5 శాతం వడ్డీకి. చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్రా రుణం కూడా చూడొచ్చు. రెండు రూపాయల వడ్డీ మాత్రం ఇంటి గడప తొక్కకూడదు. దస్తావేజులు ఇప్పటికే ఇచ్చి ఉంటే రేపు పొద్దున్నే వెళ్లి తెచ్చుకోండి.

ఇప్పుడు మీరు చిన్న పని అని తీసిపారేసిన బొబ్బిలి ఇల్లు. స్థలం టీచరుగారిది, డబ్బు ఆయనది, పేరు మీది. ఇంతకంటే మంచి ఆరంభం ఏముంటుంది? ఉద్యోగం మానకుండా, నాన్నగారు సైటు చూస్తుంటే మీరు ప్లాను, లెక్క, ఆదివారం బట్వాడా చూసుకోండి. ఇలాంటివి రెండు మూడు ఇళ్లు అయ్యాక రాజీనామా గురించి మళ్లీ రాయండి.

ఒప్పందం మాత్రం కాగితం మీదే ఉండాలి. పునాదికి, స్లాబుకు, గోడలకు, ప్లాస్టరింగుకు ఎంతెంతో విడివిడిగా రాయించి, ప్రతి దశ డబ్బూ ఆ పని మొదలయ్యే ముందే తీసుకోండి. టీచరుగారు గృహరుణం తీసుకుంటే బ్యాంకు కూడా విడతలుగానే ఇస్తుంది. వాళ్ల ఇంజినీరు వచ్చి చూసి విడుదల చేసేసరికి వారాలు పడతాయి. ఎనిమిది వారాల బట్వాడా చేతిలో ఉండాలన్నది అందుకే. ప్లానులో లేని అల్మారా, అరుగు, మెట్ల కింద ఇంకో గది, ఏది అడిగినా వేరే రేటు అని ముందే రాయించండి. మేస్త్రీల లాభం ఎక్కువగా కరిగేది అక్కడే. నాన్నగారు మొహమాటపడి ఊరుకుంటారు, ఆ మాట మీరే అడగండి.