చర్చి బాగుచేయడం నీళ్ల నుంచి మొదలుపెట్టు

బాబీకి, మావయ్య దీవెనలు.

చర్చి కమిటీకి సెక్రటరీ అయ్యావని అక్క చెప్పింది, సంతోషం. పాత చర్చి పడగొట్టి మెదక్‌లా పెద్ద గోపురం లేపుదామని కుర్రాళ్లు అంటున్నారట. మెదక్ గంట గోపురం 175 అడుగులు, కట్టడం పదేళ్లు పట్టి 1924లో పూర్తయింది. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని కట్టించారంటారు. మనది అలాంటిది కాదు. వేర్వేరు ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి మన దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) 1947లో ఏర్పడింది. ఆ తర్వాత ఆరేడేళ్లకి మన వాళ్లు సొంత కానుకలతో కట్టుకున్నారు. అన్నం వండేముందు మీ అమ్మమ్మ ఒక పిడికెడు బియ్యం వేరే కుండలో వేసేది, అలాంటి కుండలే ఈ గోడలయ్యాయి.

అప్పట్లో సిమెంటుకి పర్మిట్ కావాలి. అందుకే ఇటుక, గానుగ సున్నం, టేకు దూలాలు, పైన బెంగుళూరు పెంకులు. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు 1865లో పెట్టిన ఫ్యాక్టరీతో మొదలైన పెంకులవి, మనం పేరు మాత్రం బెంగుళూరుకి ఇచ్చేశాం. డబ్బులేక చేసిన పనే గానీ మే నెలలో కూడా లోపల కూర్చోగలుగుతున్నాం. గోడ మందం 18 అంగుళాలు, కప్పు ఎత్తు, చూరు కింద వెంటిలేటర్లు. వేడిగాలి పైకెళ్లి ఆ సందుల్లోంచి బయటపడుతుంది.

ఇప్పుడు పని సంగతి. ముందు నీళ్లు చూడు, రంగుల సంగతి తర్వాత. వాన పడుతుంటే గొడుగేసుకుని చర్చి చుట్టూ తిరుగు. చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయి, గోడ మొదట్లో నిలుస్తున్నాయా, గంట గూట్లో రావి మొక్క మొలిచిందా? నిలిచే చోట మట్టి వాలుగా సర్దించి కాలవ తీయించు. రావి మొక్కని పైపైన విరిస్తే లాభం లేదు, వేరుతో సహా తీయించాలి.

పగుళ్లు చూసి టెన్షన్ పడకు. మనది నల్లరేగడి నేల, ఎండాకాలం కుంచించుకుపోతుంది, వానాకాలం ఉబ్బుతుంది, దాంతోపాటు గోడ కూడా కదులుతుంది. పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వెయ్యి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడు. కొస గీత దాటి పోతుంటే ఇంజనీరుని పిలువు. అక్కడే ఆగితే సున్నంతో పూడిస్తే చాలు.

సిమెంటు మాత్రం పూయనివ్వకు. ఇది నేను చేసిన తప్పు కాబట్టి గట్టిగా చెబుతున్నా. ఇరవై ఏళ్ల కిందట వేరే ఊళ్లో ఇలాంటి చర్చికే దగ్గరుండి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాను, కింద నాలుగడుగులు టైల్స్ కూడా వేయించాను. క్రిస్మస్‌కి అద్దంలా మెరిసింది, అందరూ మెచ్చుకున్నారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి టైల్స్‌కి పైనున్న గోడకి చెమ్మ పాకి, పెచ్చులు ఊడి, ఉప్పు తేలింది. సున్నపు గోడ తాగిన నీళ్లని గాలికి ఆరబెట్టుకుంటుంది. నేను దాని నోరు మూసేశాను. దానికితోడు వెంటిలేటర్లు మూసి ఫాల్స్ సీలింగ్ వేయించాను. ఏసీకి డబ్బుల్లేక లోపల ఉక్కపోసేది, పాస్టరుగారి ప్రసంగం గోడలకి తగిలి గింగిర్లు తిరిగేది, ఎవరికీ మాట అర్థమయ్యేది కాదు.

సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు. దొరికితే బతిమాలి తెచ్చుకో. వాళ్లు కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలుపుతామంటే వద్దనకు, మన పెద్దవాళ్ల పద్ధతే అది. పూసిన చోట కనీసం వారం రోజులు తడిగా ఉంచాలి. మేస్త్రీ తొందరపడతాడు, నువ్వు తొందరపడకు.

పెంకులు దించేటప్పుడు పగిలినవే తీసెయ్యమను. వంద చదరపు అడుగులకి సుమారు 140 పడతాయి, మంచివి నీడలో పేర్చించు. ఎవరైనా రేకులు చవకంటారు. వాన పడ్డప్పుడు రేకుల కింద ప్రార్థన చేసి చూడమను. దూలం గోడలోకి వెళ్లే చోట మేకుతో పొడిచి చూడు, మెత్తగా దిగితే అక్కడ చెదో, కుళ్లో ఉన్నట్టే.

కుర్రాళ్లతో గొడవ పెట్టుకోకు. వాళ్లకి గంట పని అప్పగించు, దాని తాడు తెగి ఎన్నాళ్లయిందో. వాళ్లు గంట గూటిదాకా ఎక్కి పని చేస్తే చర్చి మీద కాస్త మమకారం పుడుతుంది.

ఏప్రిల్ మొదటి వారంలో వస్తాను. పొడవాటి నిచ్చెన ఒకటి చూసిపెట్టు, చూరు దాకా నేనే ఎక్కి చూస్తాను. మీ అత్తయ్యకి మాత్రం చెప్పకు.

మీ మావయ్య