మీ అమ్మతో నర్సరీలకు బయల్దేరే ముందు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, పిల్ల నన్ను నర్సరీలు చూపించడానికి తీసుకెళ్తోంది. నాలుగు రోజులు, కార్లో" అంది. ఆ గొంతులో సంతోషం విన్నాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. అమ్మకు మొక్కలు ఇష్టమని నాలుగు రోజులు సెలవు పెట్టి తిప్పాలనుకున్నావు చూడు, నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. భయం కూడా ఉంది. నేనూ మీ అమ్మా ఇలాంటి ప్రయాణాలు చాలా చేశాం కాబట్టి ఎక్కడెక్కడ దెబ్బ తగులుతుందో నాకు తెలుసు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నాను.

టైర్లలో గాలి, స్టెప్నీ, మంచినీళ్ళు, అమ్మ మాత్రలు సంగతి నీకు చెప్పక్కర్లేదు. వెళ్ళే ముందు నర్సరీ తెరిచి ఉంటుందో లేదో ఫోన్ చేసి కనుక్కో. చీకటి పడ్డాక నడపొద్దు. రోజుకు రెండు నర్సరీలు చాలు. మూడోది పెట్టుకుంటే రెండోది సరిగా చూడలేరు.

అన్నిటికంటే దూరంగా ఉన్నదాని దాకా ఏమీ కొనకుండా వెళ్ళండి. పోయేటప్పుడు చూసి రాసుకోండి, వచ్చేటప్పుడు కొనుక్కోండి. అప్పుడు ఏ మొక్కా కార్లో రెండు రోజులకు మించి ఉండదు. ఒక్కటే మిగిలింది, మళ్ళీ దొరకదు అనిపిస్తే డబ్బు కట్టి పక్కన పెట్టమని అడుగు. మర్యాదగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెప్తాను. మీ అమ్మ నీకు ఎప్పుడూ చెప్పి ఉండదు.

నీకప్పుడు మూడేళ్ళు. నిన్ను మీ నాన్న దగ్గర వదిలి మేమిద్దరం రెండు రోజుల కోసం బయల్దేరాం. మీ అమ్మ ఎన్నాళ్ళ నుంచో మెయిడెన్‌హెయిర్ ఫెర్న్ కోసం వెతుకుతోంది. చివరికి ఒక నర్సరీలో, నీళ్ళ తొట్టి వెనక నీడలో కనిపించింది. వెంట్రుకల్లాంటి నల్లటి కాడలు, గోరంత ఆకులు, మనం దగ్గరగా వంగితే ఊపిరికే కదిలేవి. మీ అమ్మ వేళ్ళతో నీళ్ళు చిలకరించింది. ఒక్క చుక్క కూడా ఆకు మీద నిలవకుండా జారిపోయింది. "చూశావా అక్కా, తడవదు ఇది!" అని చిన్నపిల్లలా నవ్వింది. ఇంకో పది మొక్కలు కూడా కొన్నాం గానీ ఆ కుండీని మాత్రం వెనక పెట్టనివ్వలేదు. దారంతా ఒళ్ళోనే పెట్టుకుంది.

మధ్యాహ్నం భోజనానికి ఆగాం. దాన్ని లోపలికి తీసుకొస్తానంది. నేను వద్దన్నాను. అప్పట్లో నేను వార్డ్ అనే లండన్ డాక్టర్ గురించి చదివి ఉన్నాను. 1829లో ఆయన మూత పెట్టిన సీసాలో ఒక పురుగు ప్యూపాను, అంటే రెక్కలు రాకముందు గూటిలో ఉండే దశను, దాచాడట. ఆ సీసాలోని తడిమట్టిలో ఫెర్న్ మొలిచింది. దాన్ని చూసి గాజు పెట్టెలు చేయించి, 1833లో వాటిలో మొక్కలు పెట్టి ఓడ మీద సిడ్నీకి పంపిస్తే నెలల తరబడి ప్రయాణం చేసి బతికే చేరాయి. ఇదంతా మీ అమ్మకు గొప్పగా చెప్పి, "ఓడలో నెలలు బతికినవి కార్లో అరగంట బతకవా? గాలి తగిలితేనే వాడిపోతాయి" అని నా చేత్తో నేనే నాలుగు అద్దాలూ పైకి ఎక్కించాను. మీ అమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. నేను పెద్దదాన్ని కదా, ఇంక మాట్లాడలేదు.

అరగంట అనుకున్నది గంటన్నర అయింది. చెట్టు నీడ ఎప్పుడో కారు మీద నుంచి జరిగిపోయింది. తలుపు తీయగానే పొయ్యి మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. ఆ ఫెర్న్ ఆకులన్నీ ముడుచుకుని కాడలకు అంటుకుపోయాయి. చేత్తో తాకితే పొడి అయ్యాయి. పదకొండు మొక్కల్లో ఇంటికి చేరాక బతికినవి రెండే.

మొక్కలు పోయినందుకు కాదు తల్లీ నేను ఇప్పటికీ బాధపడేది. తప్పు నాదని తెలిసి కూడా మీ అమ్మ మీద విరుచుకుపడ్డాను. "ఇన్నేసి కొనమని ఎవరు చెప్పారు? ఇలాంటి సున్నితమైన మొక్క మనకెందుకు?" అన్నాను. తను ఏమీ అనలేదు. ఆ ఎండిన కుండీని ఒళ్ళో పెట్టుకుని ఇల్లు చేరేదాకా కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. తర్వాత రెండేళ్ళు నేను ఎక్కడికి పిలిచినా ఏదో ఒక పని చెప్పి తప్పించుకుంది.

తర్వాత తెలుసుకున్నాను. వార్డ్ పెట్టెలో తడిమట్టి ఉంటుంది, మొక్క వదిలిన తేమ మళ్ళీ మట్టికే చేరుతుంది. ఎండలో నిలిపిన కారు అలా కాదు. బయట 35 డిగ్రీలుంటే గంటలో లోపల 55 దాకా పోతుంది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే అయిపోతుంది. అద్దం రెండు వేళ్ళంత దించినా పెద్ద తేడా ఉండదు. 45, 50 డిగ్రీలు దాటితే చాలా మొక్కల ఆకులు ఉడికిపోతాయి.

కాబట్టి మొక్కలు ఎక్కాక కారు ఎండలో ఆపకు. తప్పదంటే నువ్వొకసారి, అమ్మ ఒకసారి తినండి, సున్నితమైన వాటిని చేత్తో పట్టుకుని లోపలికి తీసుకెళ్ళండి. ఎవరేమనుకుంటే ఏం? ఇంకోటి, ఇది కోపంగా చెప్తున్నాననుకున్నా సరే: అమ్మ కునుకు తీస్తోంది కదా అని తనను కార్లో వదిలి బిల్లు కట్టడానికి వెళ్ళకు. ఐదు నిమిషాలే అనుకోకు. నిద్ర లేపు.

మొక్క ఎంచుకోవడం మీ అమ్మకు వదిలెయ్. తనకు నాకంటే బాగా తెలుసు. నువ్వు పక్కన నిలబడి ఆకు అడుగు భాగం చూడు. దూదిలా తెల్లగా ఉంటే పిండినల్లి, సన్నటి బూజులాంటి దారాలుంటే నల్లి. కవర్ అడుగు నుంచి వేళ్ళు బయటికి తన్నుకొచ్చాయంటే లోపల గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి, అది నేలలో పెట్టినా తొందరగా కోలుకోదు. అంటు మొక్క అయితే అంటు కట్టిన చోటు మట్టిపైన కనిపించాలి. దాని కిందినుంచి వచ్చే చిగురు మీరు కొన్న రకం కాదు, అంటు కట్టడానికి కింద వాడిన మొక్కది. నిండా పూసిన మొక్క కంటే మొగ్గ మీద ఉన్నది, పెద్దదాని కంటే చిన్నది మేలు. నిమ్మ, బత్తాయి లాంటివి రాష్ట్ర సరిహద్దు దాటించేటప్పుడు మాత్రం నిబంధనలు ముందే అడుగు. సిట్రస్ గ్రీనింగ్ తెగులు అంటు మొక్కలతో కూడా ప్రయాణిస్తుంది, దానికి మందు లేదు. ఒక్క మొక్క కోసం ఎవరి తోటకో చేటు తేవద్దు.

అక్కడ గొట్టం పట్టుకుని నీళ్ళు పోసేవాళ్ళతో మాట్లాడండి. ఏ మొక్క ఎక్కడ దిగులుపడుతుందో వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

మీ అమ్మ ఒక్కో మొక్క దగ్గర పావుగంట నిలబడుతుంది. కొనదు కూడా. ఆకు తిప్పి చూస్తుంది, పేరు రెండుసార్లు పలుకుతుంది. "పదమ్మా, ఆలస్యమవుతోంది" అనకు. నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. తన మోకాళ్ళకు తడి నేల మీద నడవడం కష్టం, కాబట్టి మడత కుర్చీ ఒకటి డిక్కీలో వెయ్యి. ఎక్కడ ఆగితే అక్కడ వేసి కూర్చోబెట్టు.

సర్దేటప్పుడు కుండీలను ప్లాస్టిక్ ట్రేల్లో దగ్గరగా పెట్టి సందుల్లో పాత కాగితాలు కుక్కు. నీళ్ళు ముందు రోజే పోయించు, బయల్దేరే ముందు పోస్తే మట్టి బురదై ఒరిగిపోతాయి. పొడవైన వాటిని పడుకోబెట్టి కట్టు. అద్దంలోంచి బయటికి కొమ్మ ఉంచొద్దు, వేగానికి గాలి తగిలి ఆకులు కాలినట్టు అయిపోతాయి. ప్రతి కుండీకి పేరు, కొన్న తేదీ రాసిన టేపు అంటించు.

ఇంటికి వచ్చాక పాత మొక్కల మధ్య పెట్టేయాలని మీ అమ్మ తొందరపడుతుంది. రెండు వారాలు విడిగా నీడలో ఉంచమను. పురుగు ఏదైనా ఉంటే ఆలోపు బయటపడుతుంది. తర్వాత ఎండ కొంచెం కొంచెం చూపించండి. వచ్చిన రోజే కుండీ మార్చొద్దు, ప్రయాణమే దానికి పెద్ద అలసట.

ప్రతి రాత్రి బస చేరాక నాకు ఒక్క మాట మెసేజ్ పెట్టు, ఎంత రాత్రయినా సరే. లేకపోతే నేను పడుకోను.

ఎక్కడైనా ఆ ఫెర్న్ కనిపిస్తే నా డబ్బులతో కొను. నేను కొనమన్నానని చెప్పు. మీ అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వు, భోజనానికి ఆగినప్పుడు తనతో పాటే లోపలికి రానివ్వు.

నీ పెద్దమ్మ