గుల్లల పొడి కలిపితే ప్లాస్టిక్ బలపడుతుందా?

భీమిలి తీరంలో దొరికే ఆల్చిప్పలను పొడి చేసి పాలీప్రొపిలీన్‌లో (బకెట్లు, డబ్బాలు చేసే ప్లాస్టిక్) కలిపితే బలం వస్తుందా అని అడిగారు. బిగువు వస్తుంది, బలం మాటే ఆచితూచి చెప్పాలి. ఆల్చిప్పలో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేటే. పరిశ్రమలు సున్నపురాయి పొడి రూపంలో ప్లాస్టిక్‌లో కలిపేదీ అదే. పొడి పెరిగేకొద్దీ వస్తువు సులభంగా వంగదు, కానీ సాగే గుణం తగ్గి పెళుసెక్కుతుంది. బరువూ పెరుగుతుంది: పొడి సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.7 గ్రాములు, పాలీప్రొపిలీన్‌ది 0.9.

అసలు చిక్కు పొడి, ప్లాస్టిక్ ఒకదానికొకటి అతుక్కోవడంలో ఉంది. ఈ పొడికి నీటితో పొత్తు, ప్లాస్టిక్‌కు నూనెతో. అందుకే రేణువులకు స్టియరిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం పూత వేస్తారు. అప్పుడు పొడి ఉండ కట్టకుండా సమంగా కలుస్తుంది. చిప్పలకు మాంసం అంటుకుని ఉంటే కరిగించేటప్పుడు వచ్చే కంపు భరించలేరు, ముందే బాగా కడిగి ఆరబెట్టండి.

విశాఖ రొయ్యల ఫ్యాక్టరీల పొట్టును మాత్రం దీనికి వాడకండి. అందులో కైటిన్ (పొట్టుకు గట్టిదనాన్నిచ్చే పీచులాంటి పదార్థం), ప్రొటీన్లు ఎక్కువ. దానితో, కైటిన్ నుంచి తయారయ్యే కైటోసాన్ చేయడం మేలు.